మంచాన ఉన్న బిడ్డ కాలు వాచినపుడు మర్దనం తగునా?

మన ఇళ్లలో బిడ్డ కాలు నొప్పి అనగానే మొదట చేతికందేది నూనె గిన్నె. పురిటి స్నానం నాటి నుండి నువ్వుల నూనెతో, నలుగుపిండితో పెంచిన బిడ్డ కనుక తల్లులకు, అమ్మమ్మలకు ఆ ఆలోచన రావడం సహజం. అభ్యంగనాన్ని దినచర్యలో భాగంగా విధించినది మన శాస్త్రమే. నలభై ఏళ్లుగా దాని గుణాలను చెబుతూ వచ్చిన వారిలో నేనూ ఒకడిని. అయినా ఈ పాఠంలో నేను చెప్పబోయే మాట దానికి ఎదురుగా ఉన్నట్లు పాఠకులకు తోచవచ్చు. తీవ్రమైన జబ్బుతో ఆస్పత్రిలో మంచాన ఉన్న బిడ్డకు గానీ, అక్కడి నుండి ఇటీవలే ఇల్లు చేరిన బిడ్డకు గానీ ఒక కాలు వాచితే ఆ కాలిని రుద్దరాదు, పిసకరాదు, కాపడం పెట్టరాదు. ఆలస్యం చేయక వైద్యునికి చూపవలెను.

ఆ వాపు వెనుక, కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆధునిక వైద్యులు దీనిని డీప్ వీన్ త్రాంబోసిస్ అని, క్లుప్తంగా డి.వి.టి. అని అంటారు. ఇది పెద్దవారికి, అందునా ఆపరేషన్ అయినవారికి మాత్రమే వచ్చే జబ్బని చాలామంది అభిప్రాయం. ఆరోగ్యంగా ఆడుకొనే పిల్లలలో ఇది నిజంగానే అరుదు. కాని ఐ.సి.యు.లో ఉన్న పిల్లల సంగతి వేరు.

ఈ పాఠం ఎవరి కొరకు?

నేను వైద్యం చేసేది కొండాపూర్‌లో. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్ చుట్టూ రాతిగుట్టలే ఎక్కువ. అప్పట్లో ఈ పల్లెలలో బిడ్డకు ప్రాణం మీదికి వస్తే నగరం లోపల రెడ్ హిల్స్‌లో ఉన్న నీలోఫర్ ఆస్పత్రికి తీసుకొని పోయేవారు. 1953లో ఏర్పడిన ఆ ప్రభుత్వ ఆస్పత్రి నేటికీ పేదబిడ్డలకు పెద్ద దిక్కు. ఇప్పుడు మాదాపూర్ మొదలు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరకు పెద్ద ఆస్పత్రులు వెలిశాయి. పిల్లలకు ప్రత్యేకమైన ఐ.సి.యు.లు, వెంటిలేటర్లు వచ్చాయి. పూర్వం దక్కని బిడ్డలు ఇప్పుడు దక్కుతున్నారు. ఈ మేలుతోపాటే ఒక చిక్కు కూడా వచ్చింది. రక్తనాళంలో గొట్టంతో, మత్తుమందుతో, రోజుల తరబడి కదలక పడుకొనే బిడ్డలు వెనుకటి కాలంలో లేరు. అటువంటి బిడ్డలలోనే ఈ గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ ప్రాంతంలో తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన కుటుంబాలు అనేకం. బిడ్డ ఆస్పత్రిలో చేరిందని తెలియగానే తెనాలి నుండో, కరీంనగర్ నుండో అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ రాత్రి బస్సుకే బయలుదేరి వస్తుంది. ఆమె సంచిలో నూనె సీసా ఉంటుంది. పగలంతా బిడ్డ దగ్గర ఉండేదీ, నా వంటి వైద్యుని వెతుక్కొని వచ్చేదీ ఆమెయే. కనుక ఈ పాఠం ముఖ్యంగా ఆ పెద్దల కొరకు వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

2011లో ఒక తండ్రి 12 ఏళ్ల కుమారుని నా వద్దకు తీసుకొని వచ్చాడు. మోకాలి దిగువ ఎముకలో చీము పట్టి, జ్వరంతో రెండు వారాలు ఒక ఆస్పత్రిలో ఉండి, నాలుగు రోజుల క్రితమే ఇంటికి వచ్చిన బాలుడు. తొడ నుండి పాదం వరకు ఎడమకాలు వాచి ఉంది. తాకితే వెచ్చగా ఉంది. జబ్బు తగ్గిన పిమ్మట మిగిలిన వాపుగా దానిని నేను భావించాను. రాయడానికి తైలం ఇచ్చి, రెండు పూటలా ఇసుక కాపడం పెట్టమన్నాను.

మూడవనాటి సాయంత్రం బాలునికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. రొమ్ములో పోటు అన్నాడట. వెంటనే ఆస్పత్రికి తీసుకొని పోయారు. తొడలోని సిరలో కట్టిన గడ్డ నుండి ఒక తునక విడివడి ఊపిరితిత్తిలో చిక్కుకున్నదని స్కానింగులో తేలింది. బాలుడు బ్రతికాడు. కాని మళ్లీ మెట్లు ఎక్కడానికి చాలా వారాలు పట్టింది. నా తైలం వల్లనే ఆ తునక కదిలిందా, తనంతట తానే కదిలిందా అనేది ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని మూడు రోజుల విలువైన కాలాన్ని వృథా చేసినది నేనే. ఆ తండ్రి ఒకనాడు వచ్చి, సగం వాడిన తైలం సీసాను నా బల్లపై పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. ఆ సీసా నా అలమరలో ఇప్పటికీ ఉంది. ఈ విషయాన్ని నేను చదివి తెలుసుకొనడం అప్పుడు మొదలైంది.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

గాయమైనపుడు రక్తం గడ్డకట్టడం ప్రాణరక్షకమైన గుణం. సుశ్రుత సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో రక్తస్రావాన్ని ఆపే ఉపాయాలు నాలుగు చెప్పబడ్డాయి: సంధానం, స్కందనం, పాచనం, దహనం. నేడు పాఠశాల పుస్తకాలలో పిల్లలు చదివే ‘రక్తస్కందనం’లో ఉన్నది ఆ స్కందన శబ్దమే. గాయం లేని చోట, నాళం లోపల, ఇదే గుణం పని చేస్తే అది రోగం.

19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో నేటికీ మూడు హేతువులను బోధిస్తారు. మొదటిది, రక్తప్రవాహం మందగించుట. రెండవది, నాళం లోపలి పొర దెబ్బతినుట. మూడవది, రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరుగుట. కాలి సిరలలోని రక్తం కింది నుండి పైకి, గుండె వైపు ప్రయాణించాలి. దానిని పైకి నెట్టేది పిక్క కండరం. నడిచిన ప్రతిసారీ పిక్క బిగిసి సిరను పిండుతుంది. సిరలోని చిన్న కవాటాలు రక్తాన్ని వెనక్కు జారనీయవు. మత్తులో ఉన్న బిడ్డ పిక్క కదలదు. నీరు కదలని కాలువలో నాచు పట్టినట్లు అక్కడ రక్తం నిలిచిపోతుంది.

పిల్లలలో ముఖ్యమైన కారణాలు

ఐ.సి.యు.లోని పిల్లలలో అన్నిటికంటె పెద్ద కారణం, పెద్ద సిరలో ఉంచే గొట్టం. దీనిని సెంట్రల్ లైను అంటారు. బలమైన మందులు, ద్రవాలు ఇవ్వడానికి, పలుమార్లు రక్తం తీయడానికి ఇది తప్పనిసరి. మెడ వద్ద గానీ, గజ్జల వద్ద గానీ పెడతారు. బిడ్డ చిన్నదైనకొద్దీ సిర సన్నగా ఉంటుంది. సన్నని సిరలో గొట్టం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రక్తం పోయే దారి ఇరుకవుతుంది. గొట్టం రాపిడికి లోపలి పొర గాయపడుతుంది. గజ్జల వద్ద గొట్టం ఉన్న వైపు కాలిని ప్రత్యేకంగా గమనించవలెనని చెప్పడానికి కారణమిదే. అయితే గొట్టం పెట్టినందుకు వైద్యులను నిందించరాదు. అది లేకుంటే ప్రాణమే నిలువని స్థితిలో దానిని పెడతారు.

మిగిలిన కారణాలు ఇవి:

1. రక్తమంతటా సోకిన తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, ఎముకలో చీము పట్టుట.
2. వాంతులు, విరేచనాల వల్ల శరీరంలో నీరు తగ్గుట. మధుమేహం ఉన్న పిల్లలలో చక్కెర మితిమీరి స్పృహ తప్పే స్థితి.
3. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బు. గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్లు ఇందులో మూత్రంతో పోతాయి.
4. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులు, వాటి ఆపరేషన్లు.
5. రక్త క్యాన్సరు, దానికి వాడే ఆస్పరాజినేజ్ వంటి మందులు.
6. రోడ్డు ప్రమాదాలు, పెద్ద గాయాలు, కాలిన గాయాలు.
7. ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ వంటివి వంశపారంపర్యంగా తక్కువగా ఉండుట. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయస్సులో కాళ్లలో గానీ, ఊపిరితిత్తులలో గానీ గడ్డలు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

వయస్సును బట్టి చూస్తే ఏడాది లోపు శిశువులలో, తిరిగి కౌమారంలో ఇది హెచ్చుగా కనిపిస్తుంది. స్థూలకాయం ఉన్న కౌమార వయస్కులకు ప్రమాదం మరికొంత ఎక్కువ. కోవిడ్ సోకిన కొన్ని వారాలకు కొందరు పిల్లలలో అవయవాలన్నిటా వాపు వచ్చే జబ్బు కనిపించినపుడు కూడా వైద్యులు గడ్డల విషయమై జాగ్రత్త పడవలసి వచ్చింది.

మన శాస్త్రం ఏమంటున్నది?

ఈ జబ్బుకు సరిగ్గా సరిపోయే ఒక్క పేరు మన సంహితలలో ఉన్నదని నేను చెప్పను. చరక సంహిత సూత్రస్థానంలో వాపులను గురించి చెప్పిన త్రిశోథీయాధ్యాయంలోనే ఒక గొప్ప హితవు ఉంది. ప్రతి రోగానికీ పేరు ఉండదు. పేరు చెప్పలేనందుకు వైద్యుడు సిగ్గుపడనక్కర లేదు. దోషాన్ని, హేతువును, స్థానాన్ని గ్రహించి నడచుకోవాలని దాని భావం. 2011లో నేను పేరు పెట్టడానికి తొందరపడి, హేతువును అడగడం మరచాను.

చరకుడే విమానస్థానంలో స్రోతస్సులు చెడినపుడు కనిపించే లక్షణాలు నాలుగు చెప్పాడు. అతిప్రవృత్తి, సంగం, సిరాగ్రంథి, విమార్గగమనం. దారి మూసుకొనడం సంగం. పోవలసిన దారి తప్పి వేరొక చోటికి పోవడం విమార్గగమనం. కాలి సిరలో దారి మూసుకొని, ఆపైన తునక ఊపిరితిత్తికి పోయే ఈ జబ్బును విద్యార్థికి బోధించడానికి ఈ రెండు మాటలు ఎంతో ఉపకరిస్తాయి. ఇది బోధ కొరకు చేసిన పోలిక మాత్రమే. నేటి చికిత్స అంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని దీని అర్థం కాదు.

మర్దనం విషయంలో మాత్రం శాస్త్రం స్పష్టంగా ఉంది. ఆమదోషం ఉన్నపుడు, నవజ్వరంలో, అజీర్ణంలో అభ్యంగం తగదని సుశ్రుతుడు చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో నిషేధించాడు. కఫగ్రస్తులకు, అజీర్ణరోగులకు, శోధన చేయించుకొన్నవారికి తగదని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. జ్వరంతో, అగ్ని చెడి, ఐ.సి.యు.లో ఉన్న బిడ్డకు నూనె రాయడం ఏ విధంగా చూసినా శాస్త్రసమ్మతం కాదు. కనుక నూనె సీసాను పక్కన పెట్టుట శాస్త్రాన్ని పాటించుటయే.

లక్షణాలను గుర్తించుట

మత్తులో ఉన్న బిడ్డ నొప్పి అని చెప్పలేదు. కాశ్యప సంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయం ఉంది. మాటలు రాని శిశువు ఎక్కడ బాధపడుతున్నదో ఏడుపును, కదలికను, చేతులు పెట్టే చోటును బట్టి ఎట్లా తెలుసుకోవాలో అందులో వివరించారు. ఆ చూపు ఐ.సి.యు.లో కూడా అవసరం. నర్సులు, వైద్యులు అనేకమంది బిడ్డలను చూడాలి. మీరు ఒక్క బిడ్డనే చూస్తారు. గమనించవలసినవి ఇవి:

1. రెండు కాళ్లను పక్కపక్కన పోల్చి చూడవలెను. ఒక తొడ గానీ, పిక్క గానీ లావుగా ఉన్నదా?
2. ఆ కాలు రెండవ కాలికంటె వెచ్చగా ఉన్నదా? ఎరుపు, నీలం కలిసిన రంగుకు తిరిగిందా?
3. చర్మం పైన మునుపు లేని సిరలు తేలి కనిపిస్తున్నాయా?
4. డైపరు మార్చేటపుడు, పక్కకు తిప్పేటపుడు ఆ కాలిని కదిలిస్తే బిడ్డ ముఖం ముడుచుకుంటున్నదా?
5. గొట్టంలో మందు సరిగా ఎక్కడం లేదని, రక్తం రావడం లేదని నర్సులు పదేపదే అనుకుంటున్నారా?

కొన్నిసార్లు ఏ లక్షణమూ లేకుండానే గడ్డ ఉండవచ్చు. హఠాత్తుగా ఆయాసం, రొమ్ములో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పుట, ఆక్సిజన్ తగ్గుట కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తికి చేరినదేమో అని అనుమానించవలెను. అది నిమిషాలు లెక్కపెట్టవలసిన స్థితి.

ఇంకొక భేదం కూడా తెలిసి ఉండాలి. సిర మూసుకుంటే కాలు వాచి వెచ్చగా ఉంటుంది. ధమని మూసుకుంటే కాలు పాలిపోయి చల్లబడుతుంది, నాడి అందదు. రెండవది చిన్న శిశువులలో ధమనిలో గొట్టం పెట్టినపుడు రావచ్చు. చల్లని కాలికి వేడి నీటి సంచి పెట్టి కూర్చోరాదు. వెంటనే పిలవవలెను.

పరీక్ష, చికిత్స

డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్షతో సిరలో రక్తం పారుతున్నదో లేదో తెలుస్తుంది. సూది లేదు, నొప్పి లేదు, బిడ్డను మంచం మీద నుండి కదల్చనక్కర లేదు. డి-డైమర్ అనే రక్తపరీక్ష పెద్దవారిలో ఉపకరించినంతగా జబ్బుపడిన పిల్లలలో ఉపకరించదు. ఏ ఇన్‌ఫెక్షన్‌లోనైనా అది పెరుగుతుంది.

గడ్డ ఉన్నదని తేలితే సాధారణంగా హెపారిన్ జాతి మందులు ఇస్తారు. ఇవి ఉన్న గడ్డను ఒక్కసారిగా కరిగించవు. అది పెరగకుండా ఆపుతాయి. ఆపైన శరీరమే దానిని మెల్లగా కరిగించుకుంటుంది. చర్మం కింద రోజుకు రెండుసార్లు ఇచ్చే ఎనాక్సాపారిన్ సూదిమందును పిల్లలలో ఎక్కువగా వాడుతున్నారు. నోటి ద్వారా ఇచ్చే డాబిగాట్రాన్, రివరాక్సాబాన్ మందులకు 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకోసం అనుమతి ఇచ్చింది. ఆస్పత్రిలో గొట్టం వంటి తాత్కాలిక కారణం వల్ల వచ్చిన గడ్డకు 3 నెలలు మందు ఇవ్వడం వాడుక. 6 వారాలకే గడ్డ తగ్గుముఖం పట్టిన పిల్లలలో అక్కడితో ఆపినా ఫలితం 3 నెలల చికిత్సకు తీసిపోలేదని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. ఏ బిడ్డకు ఎన్నాళ్లు అనేది మాత్రం చూస్తున్న వైద్యుడే నిర్ణయించాలి.

‘పెద్దవారికి ముందుగానే ఈ సూదులు ఇస్తారు కదా, మా బిడ్డకు ఎందుకు ఇవ్వలేదు?’ అని కొందరు అడుగుతారు. జబ్బుపడిన పిల్లలలో రక్తస్రావ భయం కూడా ఎక్కువ. కనుక అందరికీ కాక, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే ఆలోచించి ఇస్తారు. వర్షాకాలంలో మన నగరంలో వచ్చే డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయినపుడు ఈ నిర్ణయం మరింత కష్టం. ఒక వైపు గడ్డ, రెండవ వైపు రక్తస్రావం. ఆ తక్కెడను పట్టుకొన్న వైద్యుని చేతికి మనం బయటి మందుతో బరువు వేయరాదు.

పాఠకుల సందేహాలు

*వెల్లుల్లి రక్తాన్ని పలచబరుస్తుందంటారు. సూదికి బదులు ఇవ్వవచ్చునా?*

ఇవ్వరాదు. సిరలో కట్టిన గడ్డను ఆపే శక్తి వెల్లుల్లికి లేదు. సూదిమందుతోపాటు అధికంగా ఇస్తే రక్తస్రావం పెరిగే భయం మాత్రం ఉంది. పసుపు గుళికలు, గుగ్గులు కలిసిన ఔషధాలు, అల్లం రసం కూడా అంతే. మిరియాలు, పిప్పళ్లు మందులను శరీరం గ్రహించే తీరును మార్చగలవు. కూరలో, చారులో వేసే కొద్దిపాటి పసుపు, వెల్లుల్లి గురించి భయపడనక్కర లేదు. ఔషధ మాత్రలో ఇవ్వడమే తప్పు. ఇది చెబుతున్నది ఆయుర్వేద వైద్యుడు కనుక నమ్మండి.

*జలగ చికిత్స చేయించవచ్చునా?*

జలగ లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనీయని పదార్థం ఉన్నదని జాన్ హేక్రాఫ్ట్ 1884లో కనుగొన్నాడు. దానిని హిరుడిన్ అంటారు. సుశ్రుతుడు జలౌకలకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. ఇవి మనం గర్వించదగిన విషయాలే. కాని చర్మం పైన పట్టించిన జలగ లోతు సిరలోని గడ్డను చేరలేదు. రక్తం పలచబడే మందు వాడుతున్న బిడ్డకు జలగ పట్టిస్తే రక్తం ఆగకపోవచ్చు. చేయరాదు.

*ఆకుకూరలు మానవలెనా?*

వార్ఫరిన్ అనే మాత్ర వాడే బిడ్డలకు మాత్రమే ఈ ప్రశ్న వర్తిస్తుంది. పాలకూర, తోటకూర, మునగాకులలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పని చేస్తుంది. పూర్తిగా మానడం కాదు, ప్రతి వారం ఒకే పరిమాణంలో పెట్టడం ముఖ్యం. హెపారిన్ సూదులు తీసుకొనే బిడ్డకు ఈ నియమం లేదు.

*మలబద్ధకానికి ఆముదం పట్టవచ్చునా?*

విరేచనాలైతే శరీరంలో నీరు తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. వైద్యుని అడగకుండా పట్టరాదు.

కుటుంబం చేయదగిన సేవ

మర్దనం వద్దు, కషాయం వద్దు అంటే ఇక మేము చేసేది ఏమున్నదని పెద్దలు బాధపడతారు. చేయదగినది చాలా ఉంది.

1. బిడ్డ కాళ్లు చేతులు మెల్లగా వంచి చాపే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకొనవలెను. గడ్డ లేదని తెలిసిన తరువాత, వారు చూపిన మేరకే చేయవలెను.
2. గొట్టం ఇంకా అవసరమా అని ప్రతి దినం వైద్యుని మర్యాదగా అడగవచ్చును. అవసరం తీరిన వెంటనే గొట్టం తీయడం మంచి నివారణోపాయం.
3. మెలకువ వచ్చిన బిడ్డను ఎప్పుడు కూర్చోబెట్టవచ్చునో, ఎప్పుడు నడిపించవచ్చునో అడిగి, ఆ పూటకు ఆలస్యం చేయకుండా ప్రోత్సహించవలెను. ‘అలసిపోతుంది, పడుకోనీ’ అనే జాలి ఇక్కడ మేలు చేయదు.
4. నోటి ఆహారానికి అనుమతి ఇచ్చిన పిమ్మట పేయ, విలేపి, మెత్తని అన్నం అనే క్రమంలో పెంచవలెను. మన సంసర్జన క్రమం ఇక్కడ చక్కగా పనికివస్తుంది. కొబ్బరినీరు, మజ్జిగ, బార్లీ నీరు మంచివే. అయితే గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్న బిడ్డకు నీటికి, ఉప్పుకు, కొబ్బరినీటికి కూడా పరిమితి ఉండవచ్చు. అడిగి ఇవ్వవలెను.
5. తలను నిమరడం, పేరు పెట్టి పిలవడం, కథ చెప్పడం. ఏ మందుతోనూ వీటికి విరోధం లేదు.

ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారాలు ప్రతి ఉదయం రెండు కాళ్లను పోల్చి చూడవలెను. పలచబడే మందు వాడినంత కాలం కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి ఆటలు వద్దు. తలకు దెబ్బ తగిలినా, మూత్రం ఎర్రగా వచ్చినా, మలం నల్లగా పోయినా వెంటనే ఆస్పత్రికి పోవలెను. పళ్ల వైద్యునికి, కండరానికి సూది వేసే వారికి ఈ మందు సంగతి ముందే చెప్పవలెను. గడ్డ తగ్గిన తరువాత కూడా కొందరు పిల్లలలో కాలు బరువు, సాయంత్రపు వాపు సంవత్సరాల తరబడి ఉండవచ్చు. కనుక పిల్లల వైద్యునికి చూపించడం మానరాదు. కంప్యూటరు, ఫోను ముందు గంటల కొద్దీ కదలక కూర్చొనే అలవాటును కూడా మాన్పించవలెను. ఈ ప్రాంతపు పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం.

ఒక అమ్మమ్మ ఓర్పు

2023 ఆగస్టులో తెనాలి నుండి వచ్చిన ఒక పెద్దావిడ నా వద్దకు వచ్చింది. 7 ఏళ్ల మనుమరాలు న్యుమోనియాతో ఐ.సి.యు.లో ఉంది.

“అయ్యా, పిల్ల కాలు వాచింది. వాతం కమ్మిందేమో. రాయడానికి మంచి నూనె ఇప్పించండి” అన్నది.

“ఏ కాలమ్మా? గొట్టం ఏ వైపున పెట్టారు?” అని అడిగాను.

“కుడికాలండీ. గొట్టం కూడా కుడి గజ్జల్లోనే.”

నూనె ఇవ్వలేదు. ఆమెతో కలిసి ఆస్పత్రికి వెళ్లాను. చూడవచ్చే వేళలో దూరం నుండే చూశాను. కుడితొడ లావుగా ఉన్నట్లు కంటికే తెలుస్తున్నది. డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలికి చెప్పాను. ఆమె వెంటనే టేపుతో రెండు తొడలు కొలిచింది. ఆ సాయంత్రమే డాప్లర్ చేశారు. గొట్టం చుట్టూ గడ్డ కట్టి ఉంది. హెపారిన్ మొదలుపెట్టారు. 6 వారాల తరువాత చేసిన పరీక్షలో సిర తెరుచుకొన్నదని తేలింది, మందు ఆపారు.

“మరి ఈ నూనె ఏం చేయమంటారండీ?” అని ఆ అమ్మమ్మ మొదటి రోజున అడిగింది. “దాచి ఉంచండమ్మా. రాసే రోజు వస్తుంది. ఆ రోజు డాక్టరమ్మ సరేనన్నాక నేనే చెబుతాను” అన్నాను. ఆమె ఓపికతో ఆగింది. ఆ సంవత్సరం నరక చతుర్దశి నాటికి వైద్యులు అనుమతించారు. తెల్లవారుజామున మనుమరాలికి తలంటి, కాళ్లకు నూనె రాసి, కొత్త బట్టలు కట్టి, ఆ పూటే నాకు ఫోను చేసి చెప్పింది.

నూనె మంచిదే, దానికి సమయం ఉంది. బిడ్డ జబ్బుపడి మంచాన ఉన్నపుడు ఒక కాలు వాచితే అది ఆ సమయం కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొని, మీ ఇంట ఉన్న పెద్దలకు చెప్పండి.